నూలుమిల్లును, నేతవీధియు

ఆంగ్లభాషా నిఘంటువులలో ‘మడపొల్లము’ అను మాట యొకటి కలదు. అది తెల్లని, మెత్తని నూలుబట్టకు పేరు. ఫ్రెంచివారును ఆ పేరునే కొలది మార్పుతో వాడుచున్నారు. ఆ బట్ట నేడు ఏ దేశపు మిల్లులో నేయబడినను దాని పేరు మాత్రము మన గోదావరి యొడ్డుదే. నరసాపురము చెంత, వసిష్ఠ గోదావరి తీరముననున్న మాధవాయపాలెమే విదేశీయుల నోట మడపొల్లమైనది. పదునేడవ శతాబ్దమున ఆంగ్లేయ వర్తకులు అచ్చట వర్తకశాల నెలకొల్పి, చుట్టుపట్ల గ్రామములలో నేసిన తానులను కొని యోడల కెక్కించిరి. బట్ట దేశములు దాటినది. దానితో కూడ ఊరి పేరును దాటినది.

ఈ తీరమున అట్టి వర్తకశాల యది యొక్కటియే కాదు. గౌతమీతీరమున, యానాము చేరువనున్న ఇంజరములో 1708వ సంవత్సరమున ఆంగ్లేయులు మరియొకటి స్థాపించిరి. సన్నని పొడుగుతానులకు ఇంజరము పేరుగాంచినది. కోనసీమలో, అమలాపురము దక్షిణమున సముద్రతీరముననున్న బెండమూర్లంకలో వేరొకటి యుండెను. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఉత్తరసర్కారులపై నడచినపుడు మాధవాయపాలెము, బెండమూర్లంక, ఇంజరము మూడింటిని పట్టుకొనెను. రెండు ఐరోపా రాజ్యములు ఇంత దూరము వచ్చి పోరాడినది వట్టి ఇసుకదిబ్బల కొరకు కాదు. ఆ దిబ్బల వెనుక పల్లెలలో గుంటమగ్గముల ముందర కూర్చుండినవారి చేతిపని కొరకు.

ఈ మూడు ఊళ్ల పేరులును పుస్తకములలో నిలిచినవి. ఆ బట్ట నేసిన వీధులను, ఆ వర్తకశాలల చోటులను, అవి ఆధారపడిన కాలువగట్లను, తోపులను ఒక చరిత్రగా కలిపి కాపాడిన ప్రయత్నము మాత్రము మన దేశమున జరుగలేదు. పేరు మిగిలి చోటు పోవుట యనునది చరిత్రలో ఒక విధమగు దారిద్ర్యము. పరిశ్రమ పుట్టి పెరిగిన చోటును కాపాడుట యనగా నేమి, అందు దేనిని కాపాడవలెను, ఎవరి కథగా చెప్పవలెను అను ప్రశ్నలు అందువలన మన యెదుట నిలుచుచున్నవి. చిత్రమేమనగా, మన బట్టను సంతలనుండి వెడలగొట్టిన సీమయే తన మిల్లులలో నొకదాని విషయమున ఈ ప్రశ్నలకు సమాధానము వెదకినది. ఆ వృత్తాంతము మన పాఠకులు తెలిసికొనదగినది.

ఇంగ్లాండులో మాంచెస్టరు నగరమునకు దక్షిణమున, చెషైరు మండలములోని స్టయలు గ్రామమున, బాలిన్ అను చిన్న నది లోయలో 1784వ సంవత్సరమున శామ్యూల్ గ్రెగ్ అను వర్తకుడు నూలు వడికెడి మిల్లును కట్టించెను. దాని పేరు క్వారీ బ్యాంకు. గ్రెగ్ 1758లో ఐర్లాండులోని బెల్‌ఫాస్టులో పుట్టి, మాంచెస్టరులో బట్టల వ్యాపారముచేయు మేనమామల యొద్ద పెరిగినవాడు. ఆవిరియంత్రములు ఇంకను విరివి గాని యా దినములలో మిల్లునకు బలము నదినీరే. కావుననే నగరమును విడిచి, నీరు వడిగా దిగు లోయను వెదకికొని పోయెను. 1818లో అచ్చట నిలిపిన గొప్ప నీటిచక్రము 32 అడుగుల వ్యాసము గలది; నూరు గుర్రముల బలము నిచ్చుచుండెను. చక్రమును త్రిప్పిన నీరు భూగర్భమున తొలిచిన సొరంగము గుండ పోయి, సుమారు మైలు దూరమున మరల నదిలో కలిసెడిది.

లోయలో మిల్లు కట్టినంతమాత్రమున పని నడువదు, పనివారు కావలెను. ఆ కొరతయే గ్రామమును కట్టించినది. 1790లో మిల్లునకు కొంచెము దూరమున ‘అప్రెంటిసుల ఇల్లు’ లేచినది. అందు సుమారు 90 మంది బాలబాలికలు నివసించెడివారు. వారిలో పలువురు దిక్కులేనివారి సత్రములనుండి తేబడిన పేదబిడ్డలు. వారికి కూడు, గుడ్డ, నీడ; దానికి ప్రతిగా దినమునకు పండ్రెండు గంటలకు తక్కువ గాని పని. యజమాని భార్య హన్నా విద్యావతి, మతవిషయమున ఉదారురాలు. పిల్లలకు చదువు చెప్పించెను. పీటర్ హాలండ్ అను వైద్యుడు వారిని పరీక్షించి మందు లిచ్చెడివాడు. ఆ కాలపు మిల్లులతో పోల్చినచో ఇది మేలైన స్థితి యని చెప్పవచ్చును. అయినను 1806లో థామస్ ప్రీస్ట్‌లీ, జోసెఫ్ సెఫ్టన్ అను ఇద్దరు బాలురు అచ్చటినుండి పారిపోయి, తల్లులను చూచుటకు లండను వరకు నడచిరి. ప్రీస్ట్‌లీ యంత్రమున పడి తన వ్రేలొకటి పోగొట్టుకొనియుండెను. వారు న్యాయాధికారుల యెదుట చెప్పిన వాఙ్మూలము వ్రాతలో నిలిచియున్నది. దయగల యజమాని యింట పెరిగినను బిడ్డకు తల్లి యొడి కావలసియే యుండెనని ఆ వాఙ్మూలము సాక్ష్య మిచ్చుచున్నది.

ఇంకొక సత్యము కలదు. గ్రెగ్ కుటుంబమునకు వెస్టిండీసులలోని డొమినికా ద్వీపమున హిల్స్‌బరో అను చెరకుతోట యుండెను. అచ్చట పని చేసినవారు నీగ్రో బానిసలు. 1833 నాటి శాసనముచే బానిసత్వము రద్దయినపుడు పరిహారపు సొమ్ము బానిసలకు గాక యజమానుల కిచ్చిరి. గ్రెగ్ కుటుంబమునకును ముట్టినది. మిల్లున వడికిన పత్తిలో అధికభాగము అమెరికా దక్షిణరాష్ట్రముల బానిసల చేత పండింపబడినదే. బాలిన్ లోయలోని పచ్చదనమును చూచువాడు ఆ పచ్చదనమునకు ఎరువు ఎచ్చటినుండి వచ్చినదో కూడ ఎరుగవలెను.

మిల్లు పెరిగినకొలది గ్రామము పెరిగినది. సుమారు 1800 నాటికి యజమాని తన నివాసమును మిల్లు ప్రక్కనే కట్టుకొనెను. పనివారి కొరకు 1820వ దశాబ్దిలో ఓక్ కాటేజీలు అను ఇండ్లవరుసయు, పాఠశాలయు, ప్రార్థనామందిరమును వెలసినవి. నదికిరువైపుల గ్రెగ్ వంశీయులు తరతరములుగా చెట్లు నాటించి లోయను వనముగా పెంచిరి. 1834లో శామ్యూల్ మరణించిన పిమ్మట కుమారుడగు రాబర్టు హైడ్ గ్రెగ్ అచ్చట మరమగ్గములను కూడ ప్రవేశపెట్టెను. అంతవరకు నూలు మాత్రమే తీసిన మిల్లు అప్పటినుండి బట్టయు నేసినది.

నూరేండ్లు గడచినవి. మాంచెస్టరు నగరము వ్యాపించి లోయ యంచునకు వచ్చినది. 1938లో సమీపముననే రింగ్వే విమానాశ్రయము తెరువబడినది. 1939లో ఆ వంశీయుడగు అలెగ్జాండర్ గ్రెగ్ మిల్లును, గ్రామమును, వనమును కలిపి నేషనల్ ట్రస్టు అను ధర్మసంస్థకు దానము చేసెను. 1895లో స్థాపింపబడిన ఆ సంస్థకు 1907 నాటి పార్లమెంటు శాసనము ఒక విశేషాధికార మిచ్చినది: తన భూమిని ‘అన్యాక్రాంతము కారానిది’ యని ప్రకటింపవచ్చును. అట్లు ప్రకటించిన భూమిని తరువాతి కార్యనిర్వాహకులు కూడ అమ్మజాలరు. 2001లో విమానాశ్రయమునకు రెండవ బాట తెరచినపుడు అది లోయకు దాపుననే వచ్చినది. నేడు విమానముల రొద వినబడుచున్నను క్రింద వనము వనముగానే యున్నది.

మిల్లు 1959లో వ్యాపారమును నిలిపినది. 1970వ దశాబ్దిలో దానిని ప్రదర్శనశాలగా తీర్చి, పాత యంత్రములను సందర్శకుల యెదుట నడిపి చూపు ఏర్పాటు చేసిరి. మొదటి నీటిచక్రమును 1904లోనే తీసివేసి టర్బైనులు పెట్టియుండిరి. కావున యార్కుషైరులోని వేరొక మిల్లునుండి పాత చక్రమును తెచ్చి నిలిపిరి. ఆ సంగతిని దాచక చెప్పుదురు. ఇరువదియొకటవ శతాబ్దిలో యజమాని గృహమును, ఉద్యానవనమును కూడ చేర్చుకొని, 2018 నాటికి ఒక పనివాని యింటిని సైతము జనులు చూచునట్లు తెరచిరి. గ్రామములోని తక్కిన యిండ్లలో నేడును కుటుంబములు అద్దెకు కాపురము చేయుచున్నవి. పొయ్యి రాజుచున్నది, పిల్లలు బడికి పోవుచున్నారు.

ఈ వృత్తాంతమునుండి మేము గ్రహించినది ప్రధానముగా రెండు విషయములు. మొదటిది, పరిశ్రమ యనగా యంత్ర మొక్కటే కాదు. మిల్లును మాత్రము నిలిపి గ్రామమును కూల్చియుండినచో ఆ మిల్లు ఇటుకల గుట్టయై యుండెడిది. యజమాని యింటిని మాత్రము నిలిపియుండినచో అది ఒక ధనికుని మేడయై యుండెడిది. నదియు, వనమును పోయినచో మిల్లు అచ్చటనే యేల కట్టబడినదో ఎవ్వరికిని బోధపడదు. నాలుగును కలిసియున్నందుననే చూచువానికి కార్యకారణ సంబంధము కంటికి కట్టినట్లు తోచును. రెండవది, స్థలమును కాపాడుట యజమాని కీర్తిని కాపాడుట కాదు. వ్రేలు పోగొట్టుకొనిన బాలుని మాటయు, డొమినికా తోటలోని బానిసల లెక్కయు ఆ మిల్లు చరిత్రలో నేడు చోటు సంపాదించినవి. నిజము చెప్పుటకు చోటు మిగిలియుండవలెను. కూల్చిన గోడ సాక్ష్యము చెప్పదు.

ఇప్పుడు మరల గోదావరి యొడ్డునకు వత్తము. ఇంగ్లాండున నూలుపరిశ్రమ లేవక పూర్వమే 1700, 1721 సంవత్సరముల శాసనములచే మన దేశపు అద్దకపు బట్టలను ఆ దేశములో వాడకుండ నిషేధించిరి. పిదప యంత్రములు వచ్చినవి. 1813లో ఈస్టిండియా కంపెనీవారి వర్తకపు గుత్త తొలగి మాంచెస్టరు సరకునకు మన రేవులు తెరువబడినవి. 1833 శాసనముతో కంపెనీ వర్తకమే మానుకొనెను. ఇంజరము వంటి చోటుల బట్టల కొనుగోలు ఆగిపోయినది. క్వారీ బ్యాంకులో మరమగ్గములు ఆడ మొదలిడిన కాలమును, మన వర్తకశాలల తలుపులు మూతపడిన కాలమును దాదాపు ఒక్కటియే. ఆ యొక్క మిల్లే మన నేతగానిని పడగొట్టినదని మేమనము. అట్టి వందలాది మిల్లులు కలిసి చేసిన పని యది. దానికి తోడు 1832-33 నాటి నందన కరవు వచ్చినది. 1839లో కోరంగిపై ఉప్పెన విరుచుకుపడినది. 1844లో హెన్రీ మంట్‌గొమరీ రాజమహేంద్రవరపు జిల్లా స్థితిని విచారించి నివేదించునప్పటికి, 1821లో 7,38,308గా నుండిన జనసంఖ్య 1841లో 5,61,041కి దిగజారియుండెను. ఇరువది యేండ్లలో నలుగురిలో నొకరు లేకపోయిరన్నమాట.

1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియై సీమ మరల పచ్చబడినది. కోనసీమ వరిమడియు, కొబ్బరితోటయు నైనది. నీరు తెచ్చిన కాటను దొరను జనులు మరువలేదు. ఊరూర విగ్రహములు నిలిపిరి, ధవళేశ్వరమున ఆయన పేర ప్రదర్శనశాలయు కలదు. అది కృతజ్ఞతాధర్మము. కాని నీరు తెచ్చినవానిని తలచుకొనిన మనము, ఆ నీటికి మునుపు ఈ తీరమునకు ప్రపంచమున పేరు తెచ్చిన నేతగానిని తలచుకొనలేదు.

మనకు మిల్లు లేదు గదా, కాపాడుట దేనిని? అని యెవరైన అడుగవచ్చును. అమలాపురము చేరువనున్న బండారులంకను గాని, రాజోలు ప్రాంతపు మోరిని గాని తలచుకొన్నచో సమాధానము దొరకును. నేతవీధియే కప్పులేని మిల్లు. మగ్గము ఇంటిలోనే యుండును. నేలలో త్రవ్విన గుంటలో కాళ్లు పెట్టుకొని నేతగాడు నేయును. ఇంటి ఆడువారు కండెలు చుట్టుదురు, ఆసు పోయుదురు. పడుగును సాచి గంజి పెట్టి కుంచెతో దువ్వుటకు ఇల్లు చాలదు. దానికి పొడుగైన వీధి కావలెను. తెల్లవారుజామున ఎండ ముదురకముందే ఆ పని ముగియవలెను. లేనిచో పోగు పెళుసెక్కి తెగును. కావున వీధికి ఇరుప్రక్కల చెట్లనీడయో, ఊరి చివర తోపో కావలెను. బాలిన్ లోయలో నది యెట్టిదో, నేతపల్లెలో ఆ నీడ యట్టిది. అది అలంకారము కాదు, పనిముట్టు. ఒక యింటివాడు అరుగును వీధిలోనికి జరుపుకొన్నను, ఒక చెట్టును కొట్టి గోడ పెట్టుకొన్నను పదిమంది నేతగాండ్ర పడుగునకు చోటు తగ్గును. గాలివానలు మన తోటలకు చేయు నష్టము చాలదా? 1996 నవంబరు 6వ తేదీ నాటి తుపాను కోనసీమలో లక్షలాది చెట్లను పెకలించినది. గాలికి పడినదానిని మరల నాటుకొంటిమి. గొడ్డలికి పడినదానిని ఎవరు నాటుదురు?

మన చట్టములు ఈ విషయమున కొంత చేసినవి, కొంత చేయలేదు. 1958 నాటి కేంద్రశాసనమును, 1960 నాటి రాష్ట్రశాసనమును ప్రాచీన కట్టడములను కాపాడుచున్నవి. వాని దృష్టి మిక్కిలిగ గుడులపై, కోటలపై, స్తూపములపై నిలిచినది. 1985 నాటి శాసనము కొన్ని రకముల బట్టలను చేనేతకే ప్రత్యేకించినది. 2009లో ఉప్పాడ జాందానీ చీరకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఇవి యన్నియు మంచివే. కాని గమనింపుడు: గుడికి రక్షణ యున్నది, బట్టకు రక్షణ యున్నది, బట్ట పేరునకును రక్షణ యున్నది, బట్ట నేయు వీధికి లేదు. మడపొల్లపు కథ మరల నడచుటకు ఇంతకన్న అనుకూలమగు మార్గము వేరొకటి యుండదు. పేరు నిఘంటువున నిలుచును, చోటు చేజారును.

నిజమగు మిల్లు కలిగినచోటనైన మనము జాగ్రత్తపడితిమా? ఓరుగల్లులో నిజాము ప్రభుత్వకాలమున, 1934లో, ఆజంజాహీ మిల్లు వెలసినది. వేలమంది పనివారి కుటుంబములు దాని యీలకు మేల్కొని, దాని యీలకు నిద్రించినవి. 2002లో అది మూతపడినది; పిమ్మట దాని భూమి ముక్కలుగా అమ్ముడుపోయినది. స్టయలులో దానపత్రము చేసిన పనిని, అన్యాక్రాంతము కారాదను కట్టుబాటు చేసిన పనిని ఓరుగల్లున చేసిన వారు లేకపోయిరి.

ఇచ్చట ఒక ఆక్షేపణ వినబడును. ‘నేతగాడు అప్పులలో మునిగియుండగా వీధి చరిత్ర యెవరికి? ఉన్న సొమ్ము వాని కడుపు నింపుటకు వినియోగింపరాదా?’ అని. ఆక్షేపణ న్యాయమైనదే, కాని వీధియు వాని కడుపునకు సంబంధించినదే యని పైన చెప్పియున్నాము. పడుగు సాచుటకు చోటులేని నేతగానికి నూలు ఉచితముగ నిచ్చినను ప్రయోజన మేమి? రెండవ ఆక్షేపణ మరింత లోతైనది. ‘పాతను కాపాడుట యను మిషతో నేతకులమున పుట్టిన బిడ్డలను మగ్గపు గుంటలోనే కూర్చుండబెట్టుదురా?’ అని సంస్కారప్రియులు అడుగుదురు. అట్లు చేయుట మహాపాతకము. స్టయలులో ఓక్ కాటేజీలను నిలిపిరి గాని, అందు పుట్టిన బిడ్డ నూలే వడుకవలెనని యెవ్వరును శాసింపలేదు. చోటును కాపాడుట వేరు, మనిషిని చోటికి కట్టివేయుట వేరు. నేతగాని కుమార్తె వైద్యురాలు కావచ్చును, న్యాయవాది కావచ్చును; తన యవ్వ కండెలు చుట్టిన అరుగును చూపి తన బిడ్డకు చెప్పుకొనుటకు ఆ అరుగు మిగిలియుండవలెనని మాత్రమే మా కోరిక. మగ్గమున కూర్చుండువాడు ఇష్టమున కూర్చుండవలెను, తగిన కూలి పొందవలెను.

మరి చేయదగిన దేమి? పెద్ద నిధి వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు. నేతపల్లెల పంచాయతీలు పడుగువీధిని, తోపును ఊరి యుమ్మడి యాస్తిగా తీర్మానించి, ఆక్రమణ జరుగకుండ చూడవచ్చును. చేనేత సహకారసంఘములు ఒక్కొక్క యూర ఒక పాతయింటిని, అందలి గుంటమగ్గముతో, ఆసుతో, రాట్నముతో చెక్కుచెదరకుండ నిలుపవచ్చును. ఆ యింట మగ్గము ఆడుచునే యుండవలెను. సంఘముల పాత ఖాతాపుస్తకములు, నూలు బట్వాడా చిట్టాలు, సాహుకారులిచ్చిన బయానా చీట్లు చిత్తుకాగితములుగా అమ్ముడుపోవుచున్నవి. వానిలోనే కూలి యెంతయో, అప్పు ఎంతయో, ఏ యేట ఎన్ని మగ్గములు ఆగినవో వ్రాసియుండును. థామస్ ప్రీస్ట్‌లీ వాఙ్మూల మెట్టిదో మనకు ఈ చీటీలట్టివి. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును నెలకొల్పి ఊరూర పఠనమందిరములు పెట్టిన జాతి మనది. ఆ గ్రంథాలయములే వీనిని భద్రపరుప దగిన చోటులు. మాధవాయపాలెము, ఇంజరము, బెండమూర్లంకలలో తెలుగున చెక్కిన యొక్కొక్క శిలాఫలకము నాటుటకు ఎంత సొమ్ము కావలెను? అందు కంపెనీ దొరల పేరులకన్న ముందు, నేసినవారి మాట వ్రాయవలెను.

గృహిణులగు మా పాఠకురాండ్రకు ప్రత్యేకముగ నొక విన్నపము. నేతపనిలో సగము ఆడువారి చేతులలో నడచినను, లెక్కపుస్తకములలో వారి పేరులు కానరావు. వృద్ధురాండ్రు బ్రతికియుండగనే వారి మాటలను వ్రాసికొనవలెను: ఏ ప్రొద్దున లేచిరి, ఎన్ని కండెలు చుట్టిరి, చేతికెంత ముట్టెను, చంటిబిడ్డ నెచ్చట పరుండబెట్టిరి. ఇది పండితులు మాత్రమే చేయదగిన పని కాదు. చదువు నేర్చిన ప్రతి కోడలును అత్తగారి చెంత కూర్చుండి చేయగలదు.

మన బట్టను గెలిచిన మిల్లు నేడు తాను కూడ వ్యాపారమున లేదు. అయినను దాని గోడలును, ఇండ్లును, చెట్లును నిలిచియుండి, గెలుపులోని పాపమును సైతము దాచక చెప్పుచున్నవి. ఓడినవారి కథ చెప్పుటకు మన కొక వీధి, ఒక మగ్గము, ఒక తోపు ఇంకను మిగిలియున్నవి. నేత ఇంకను నడచుచున్న ఊళ్లలో వానిని కాపాడుట సుకరము. నేత ఆగిన పిదప దుర్లభము. ఈ యేటి పడుగు వీధిలో సాచియుండగనే ఆ వీధిని కాపాడుకొందము.